ఆల్ వీల్ డ్రైవ్ ఉంటే వాగు దాటొచ్చా? జనగామ నుంచి కాళేశ్వరం దాకా ఒక స్టేషన్ వ్యాగన్ ముచ్చట

ఈరోజు ఎపిసోడ్‌కి రెండు కారణాలున్నాయి. మొదటిది సరదా కారణం, రెండోది కాదు.

సరదాది ముందు చెప్తా. మా మేనత్త కొడుకు, అంటే నాకు బావ, అమెరికాలో డెన్వర్‌లో ఉంటాడు. పోయిన చలికాలం ఒక కారు కొన్నాడు. సుబారు అవుట్‌బ్యాక్, టర్బో పెట్రోల్ ఇంజిన్, ఆల్ వీల్ డ్రైవ్. మంచులో ఎక్కిస్తడు, దించుతడు, వీడియో తీసి పంపిస్తడు. మొన్న ఫోన్ చేసి, "బామ్మర్దీ, ఇసొంటి బండి మన జనగామల ఉంటే ఎట్లుంటదిరా? మానుకోట, భూపాలపల్లి అడవులన్నీ తిరిగి రావొచ్చు గదా?" అన్నడు. మంచి ప్రశ్న. దాని మీద ఒక ఎపిసోడ్ చేద్దామనుకున్నా.

రెండోది. అదే వారంలో మహబూబాబాద్ దగ్గరి ఒక తమ్ముడు నాకు మెసేజ్ పెట్టాడు. "అన్నా, మీ వీడియో చూసి నేను కూడా బండితోని వాగు దాటిన, ఏం కాలే" అని రాశాడు. కింద నవ్వే బొమ్మ. నాకు మాత్రం నవ్వు రాలేదు. రెండేళ్ల కింద నేను పెట్టిన వీడియో అది. ఆ వీడియోలో చూపించనిది ఒకటుంది. అది చివర్లో చెప్తా. చివరి దాకా చూడమని బతిమాలడానికి చెప్పే మాట కాదిది. ముందు బండి ఎట్లా పనిచేస్తదో అర్థమైతేనే ఆ ముచ్చట అర్థమవుతుంది, అందుకని.

సరే, స్టేషన్ వ్యాగన్ అంటే ఏంటి? సెడాన్ కారు తీసుకోండి. దాని పైకప్పును వెనక డిక్కీ చివరిదాకా లాగండి. అంతే. కూర్చునే తీరు కారుదే, సామాన్ల జాగా మాత్రం ఎస్‌యూవీ అంత. వెనక సీటు మడిస్తే సైకిల్ పడుకోబెట్టొచ్చు. మా బావ బండిలో నలుగురు కూర్చున్నాక కూడా రెండు పెద్ద సూట్‌కేసులు, బియ్యం బస్తా, పిల్లల బండి పడతాయి.

మరి ఎస్‌యూవీ ఉండగా ఇదెందుకు? బరువు కిందుంటది కాబట్టి. గడ్డి నిండా వేసిన ట్రాక్టర్ ట్రాలీ మూలమలుపులో ఎట్లా ఊగుతుందో మీరంతా చూసే ఉంటారు. అదే ట్రాలీలో ఇసుక పోస్తే అంత ఊగదు. ఇసుక బరువు కిందనే ఉంటది మరి. ఎత్తైన ఎస్‌యూవీకి, వ్యాగన్‌కు తేడా అదే. మలుపులో వ్యాగన్ కుదురుగా పోతది. హైవే మీద గాలిని కూడా తక్కువగా చీల్చాలి.

ఇప్పుడు మా బావ బండి లెక్కలు చూద్దాం. అవుట్‌బ్యాక్ పేరుతో సుబారు మొదటి బండి 1990ల మధ్యలో వచ్చింది. వాళ్ల లెగసీ వ్యాగన్‌నే కొంచెం ఎత్తు పెంచి, చుట్టూ ప్లాస్టిక్ పట్టీలు వేసి అమ్మారు. అప్పుడు ఎస్‌యూవీల పిచ్చి మొదలవుతోంది, కొత్తగా ఎస్‌యూవీ తయారు చేసే డబ్బు కంపెనీ దగ్గర అంతగా లేదు. ఉన్నదాన్నే ఎత్తు చేశారు. అదే వాళ్లను నిలబెట్టింది. మా బావ దగ్గరున్న రకంలో 2.4 లీటర్ల టర్బో ఇంజిన్, 260 హార్స్‌పవర్. నేలకు, బండి పొట్టకు మధ్య ఖాళీ 8.7 అంగుళాలు, అంటే దాదాపు 220 మిల్లీమీటర్లు. మన థార్‌కు 226. చూశారా, వ్యాగన్ అని తక్కువ అంచనా వేయొద్దు. వైల్డర్‌నెస్ అనే ఇంకో రకం ఉంది, దానికైతే 9.5 అంగుళాలు.

టర్బో అంటే ఏం చేస్తుంది? సైలెన్సర్ వైపు పోయే వేడి పొగ ఊరికే పోకుండా ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రానికి కట్టిన ఇంకో చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి నెడుతుంది. ఎక్కువ గాలి, దానికి తగ్గ పెట్రోలు, ఎక్కువ బలం. డెన్వర్‌కు ఇది బాగా పనికొస్తుంది. ఆ ఊరు సముద్ర మట్టానికి 5,280 అడుగుల ఎత్తులో ఉంది. అక్కడ గాలి పల్చన, మామూలు ఇంజిన్‌కు ఆయాసం వస్తుంది. టర్బో ఆ లోటు పూడుస్తుంది. మన జనగామకు ఆ బాధ లేదు. మనకు టర్బో ఉపయోగం ఎక్కడంటే, బొగ్గు లారీని ఓవర్‌టేక్ చేసేటప్పుడు. దానికి వెల కూడా ఉంది. అక్కడి ప్రభుత్వ లెక్క ప్రకారం ఊళ్లో, హైవేలో కలిపి గ్యాలన్‌కు 25 మైళ్ల దగ్గర ఇస్తుంది. మన లెక్కలో లీటరుకు పది, పదకొండు కిలోమీటర్లు. జనగామ బంకులో పెట్రోలు రేటు చూసుకుని లెక్క మీరే వేసుకోండి.

ఇక అసలు సంగతి, ఆల్ వీల్ డ్రైవ్. చాలామంది దీన్నీ, ఫోర్ బై ఫోర్‌నూ ఒకటే అనుకుంటారు. కాదు. థార్‌లో, జిమ్నీలో ఫోర్ బై ఫోర్ ఉంటుంది, దానికి తోడు లో రేంజ్ అని ఇంకో గేర్ ఉంటుంది. అది వేస్తే బండి నడిచే వేగానికి దిగిపోతుంది, గుంజే బలం మాత్రం ఎన్నో రెట్లవుతుంది. బండరాళ్లు ఎక్కడానికి, దిగబడ్డ చోటు నుంచి లేవడానికి అది కావాలి. అవుట్‌బ్యాక్ లాంటి బండిలో లో రేంజ్ ఉండదు. నాలుగు చక్రాలకూ బలం ఎప్పుడూ అందుతుంటుంది. ఏదన్నా చక్రం జారి ఊరికే తిరిగితే, కంప్యూటర్ దానికి బ్రేకు వేసి, బలాన్ని పట్టు ఉన్న చక్రానికి పంపిస్తుంది. డ్రైవర్ ఏమీ చేయక్కర్లేదు. తడి రోడ్డు, కంకర రోడ్డు, పల్చటి బురద, మంచు, వీటికి ఇది సరిపోతుంది. తేలికపాటి ఆఫ్ రోడ్ అంటే ఇదే.

ఒక మాట రాసి పెట్టుకోండి. ఆల్ వీల్ డ్రైవ్ పట్టును పుట్టించదు. ఉన్న పట్టును పంచుతుంది. నాలుగు టైర్ల కింద పట్టే లేకపోతే పంచడానికి ఏమీ ఉండదు.

మన నేలల మీద దీన్ని పెట్టి చూద్దాం. జనగామ చుట్టుపక్కల చాలావరకు ఎర్ర చెల్క. వానపడ్డా నీళ్లు తొందరగా ఇంకుతాయి, కింద గట్టిగా ఉంటుంది. అక్కడ ఇలాంటి వ్యాగన్ హాయిగా పోతుంది. నల్లరేగడి కథ వేరు. తడిసిన రేగడి జిగురు. ఒక్క చుట్టు తిరిగేలోపు టైరు గాళ్లన్నీ నిండిపోయి, టైరు నున్నటి గుండులా అవుతుంది. అప్పుడు రెండు చక్రాలు తిరిగినా ఒకటే, నాలుగు తిరిగినా ఒకటే. పత్తి చేలో కారు దిగబడితే ఎవరొచ్చి గుంజుతరు? ట్రాక్టరే. కంపెనీ టైర్లతో రేగట్లోకి దిగేవాడు ముందు ట్రాక్టరున్న మనిషి నంబర్ జేబులో పెట్టుకోవాలి.

ఇంకో ఇబ్బంది పొడవు. బండి దాదాపు 4.9 మీటర్లు. ముందు ముక్కు, వెనక డిక్కీ చక్రాలు దాటి బయటికి ఉంటాయి. మన ఊళ్లల్లో బాటకు అడ్డంగా చిన్న ఒర్రెలు ఉంటాయి కదా, నిటారుగా దిగి నిటారుగా ఎక్కాలి. అక్కడ ముందు బంపర్ నేలకు తగులుతుంది. జిమ్నీ అట్లాంటి చోట మేకపిల్ల లాగా దాటిపోతుంది.

ఇసొంటి బండ్లు మన దేశానికి అసలు రాలేదా? వచ్చాయి. 1990ల్లో టాటా ఎస్టేట్ ఉండేది. తర్వాత మారుతి బలెనో ఆల్టురా, టాటా ఇండిగో మరీనా, స్కోడా ఆక్టావియా కాంబి వచ్చాయి. ఇవన్నీ వ్యాగన్లే కానీ ఆల్ వీల్ డ్రైవ్ కాదు. అసలు ముచ్చట షెవర్లే ఫారెస్టర్‌ది. 2003 ప్రాంతంలో వచ్చింది. పేరు షెవర్లే, లోపలంతా సుబారు. అప్పట్లో సుబారు మాతృసంస్థలో జనరల్ మోటార్స్‌కు 20 శాతం వాటా ఉండేది, ఆ చుట్టరికంతో వచ్చిన బండి. రెండు లీటర్ల పెట్రోల్, 120 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ డ్రైవ్. టర్బో లేదు, అదొక్కటే తక్కువ. చిన్నప్పుడు హన్మకొండలో ఒక్కటంటే ఒక్కసారి చూశా, అదేం కారో తెలియక వెనక పేరు చదవడానికి సైకిల్ మీద వెంటపడ్డా. 2005లో జనరల్ మోటార్స్ ఆ వాటా అమ్మేసింది. చుట్టరికం తెగింది, బండీ పోయింది.

తర్వాత పైవాళ్ల కోసం వచ్చాయి. 2017లో వోల్వో వీ90 క్రాస్ కంట్రీ, 60 లక్షలు. 2018లో మెర్సిడెస్ ఈ క్లాస్ ఆల్ టెరైన్, 75 లక్షలు. రెండూ ఆల్ వీల్ డ్రైవ్ వ్యాగన్లే, కానీ డీజిల్. రెండూ ఎక్కువ కాలం నిలవలేదు.

ఎందుకు నడవలేదు? మనవాళ్లకు వ్యాగన్ అంటే అంబులెన్స్ గుర్తొస్తుంది. పెళ్లిచూపులకు అంబులెన్స్‌లో పోతామా అన్నారు, అంతే. రెండోది పన్ను. నాలుగు మీటర్ల లోపు చిన్న పెట్రోల్ కారుకు ఇప్పుడు జీఎస్టీ 18 శాతం, పొడవైన పెద్ద కారుకు 40 శాతం. వ్యాగన్ అంటేనే పొడవు. డిక్కీ కోసం అంత పన్ను ఎవరు కడతారు? మూడోది, ఎత్తులో కూర్చోవాలనే కోరిక. దానికి లెక్కలు చెప్తే ఎవరూ వినరు.

మరి ఇప్పుడు ఈ గుణాలు కావాలంటే ఏముంది? టర్బో పెట్రోల్, ఆల్ వీల్ డ్రైవ్, కారు లాంటి నడక, మూడూ కలిసి కావాలంటే స్కోడా కోడియాక్ ఉంది. రెండు లీటర్ల టర్బో పెట్రోల్, 204 హార్స్‌పవర్. అది ఎస్‌యూవీయే అయినా వ్యాగన్‌కు అన్న వరస. ధర మాత్రం బాగా ఎక్కువే. టర్బో లేకున్నా పర్వాలేదు అంటే గ్రాండ్ విటారాలో ఆల్ వీల్ డ్రైవ్ రకం ఉంది. వ్యాగన్ కాకున్నా పర్వాలేదు, బురదే ముఖ్యం అంటే థార్ పెట్రోల్.

ఇప్పుడు మా బావ అడిగిన దారిలో పోదాం. జనగామలో 163వ నంబర్ జాతీయ రహదారి మీద మొదలు. నున్నటి రోడ్డు, ఇక్కడ టర్బో వ్యాగన్ రాజు. పాలకుర్తి వైపు తిరిగితే సోమేశ్వరుడి గుడి, ఆ పక్కనే పోతన ఊరు బమ్మెర. అట్నుంచి తొర్రూరు, మహబూబాబాద్. ఈ దారిలో స్పీడ్ బ్రేకర్లు ఎక్కువ. మామూలు సెడాన్ పొట్ట గీరుకునే చోట 220 మిల్లీమీటర్ల బండి నిమ్మళంగా దాటుతుంది. గూడూరు మండలంలో భీముని పాదం జలపాతం ఉంది. ఆ చివరి అడవి బాటలో వాన పడ్డ మర్నాడు ఆల్ వీల్ డ్రైవ్ విలువ తెలుస్తుంది. టూ వీల్ డ్రైవ్ కార్లు పక్కకు జారే చోట ఇది గీత గీసినట్టు పోతుంది.

అక్కడ్నుంచి నర్సంపేట, పరకాల మీదుగా భూపాలపల్లి జిల్లాలోకి. రేగొండ దగ్గర పాండవుల గుట్టలు, ఆదిమానవుల రంగుల బొమ్మలు రాళ్ల మీద ఇంకా ఉన్నాయి. గుట్ట దగ్గరికి కంకర బాట, వ్యాగన్‌కు సరిగ్గా సరిపోయే పని. ఆ తర్వాత భూపాలపల్లి. సింగరేణి గనులు, చెల్పూరు దగ్గర కరెంటు ప్లాంటు, బొగ్గు లారీలు, నల్ల దుమ్ము. ఎయిర్ ఫిల్టర్ కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే మార్చుకోవాలి. టర్బోకు శుభ్రమైన గాలి కావాలి, దుమ్ము పోతే దాని రెక్కలు అరుగుతాయి. చివరికి కాళేశ్వరం, గోదావరి, ప్రాణహిత కలిసే చోటు. ఎండాకాలమో, చలికాలమో అయితే ఈ దారంతా ఈ బండికి పండుగ.

వానాకాలమైతే? ఇప్పుడు చెప్పాల్సింది వచ్చింది.

ఇక్కడ బోర్డు మీద లెక్క చూడండి. బండి బరువు దాదాపు 1,750 కిలోలు, అంటే పదిహేడున్నర క్వింటాళ్లు. బండి అడుగు వైశాల్యం సుమారు 8 చదరపు మీటర్లు అనుకుందాం. పొట్ట కింద 22 సెంటీమీటర్ల దాకా నీళ్లుంటే బండికి ఏం కాదు. ఆ పైన నీళ్లు పది సెంటీమీటర్లు పెరిగితే బండి 800 కిలోల నీళ్లను పక్కకు జరిపింది. అంటే నీళ్లు బండిని 800 కిలోల బలంతో పైకి లేపుతున్నాయి. టైర్ల మీద బరువు దాదాపు సగం పోయింది. ఇంకో పన్నెండు సెంటీమీటర్లు పెరిగిందా, బండి తేలుతుంది. మొత్తం లోతు ఎంత? 44 సెంటీమీటర్లు. అడుగున్నర. మోకాలి లోతు.

మోకాలి లోతు నీళ్లలో పదిహేడున్నర క్వింటాళ్ల బండి పడవైపోతది. ఇందాక రాసి పెట్టుకున్న మాట చూడండి. ఆల్ వీల్ డ్రైవ్ ఉన్న పట్టును పంచుతుంది. తేలే బండికి పట్టెక్కడిది? అప్పుడు నాలుగు చక్రాలూ నీళ్లలో తిరిగే ఫ్యాన్లే. పైగా నీళ్లు పారుతుంటే పక్క నుంచి నెడతాయి. నీటి వేగం రెట్టింపైతే ఆ నెట్టుడు నాలుగింతలవుతుంది. అమెరికా వాతావరణ శాఖ చెప్పేదీ ఇదే, ఒక అడుగు ఉరికే నీళ్లు చాలు మామూలు కార్లను కొట్టుకుపోవడానికి, రెండడుగులైతే ఎస్‌యూవీలు కూడా పోతాయి అని.

థార్‌కు 650 మిల్లీమీటర్ల నీటి లోతు అని కంపెనీ రాస్తుంది కదా అంటారు. నిజమే. కానీ ఆ అంకె నిలకడ నీళ్లలో, నేల కనిపించే చోట, మెల్లగా పోయినప్పటి మాట. వాగు కంపెనీ పుస్తకం చదవదు.

మన దగ్గర ఏం జరిగిందో మీకు తెలుసు. 2023 జూలై చివర్లో ఒక్కరోజులో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన, భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది, జనం ఇళ్ల పైకప్పులెక్కారు. నైన్‌పాక దగ్గర జేసీబీ మీద చిక్కుకున్న వాళ్లను హెలికాప్టర్ వచ్చి తీసుకుపోయింది. జేసీబీ అంటే ఏడు టన్నులు. అది కూడా నీళ్లలో ఆగిపోయింది. 2024 సెప్టెంబర్ 1న మరిపెడ దగ్గర ఆకేరు వాగు రోడ్డెక్కి పారింది. కారులో పోతున్న తండ్రీకూతుళ్లు కొట్టుకుపోయి చనిపోయారు. అదేదో అడవి బాట కాదు, రోజూ వందల బండ్లు తిరిగే రోడ్డు.

ఇప్పుడు నా వీడియో సంగతి. రెండేళ్ల కింద ఆగస్టులో, ఒక ఫ్రెండ్ ఆల్ వీల్ డ్రైవ్ బండి తీసుకుని మానుకోట వైపు పోయా. ఏం బండో చెప్పను, తప్పు బండిది కాదు, నాది. పొద్దున ఒక లో లెవల్ బ్రిడ్జి మీద జానెడు నీళ్లు పారుతుంటే దాటేసి వీడియో తీసుకున్నా. మీరు చూసింది అదే. వెనక మ్యూజిక్ కూడా పెట్టా.

మీరు చూడనిది సాయంత్రం. అదే బ్రిడ్జి, తిరుగు ప్రయాణం. పైన ఎక్కడో వాన పడి ఉంటది, నీళ్లు ఎర్రగా ఉన్నాయి. ఒడ్డున బర్రెలు తోలుకొస్తున్న ఒక పెద్దమనిషి చెయ్యి అడ్డం పెట్టి, "బర్రెలే దిగుతలేవు బిడ్డా, నీ కారు దిగుతదా?" అన్నడు. నేను నవ్వి, "ఆల్ వీల్ డ్రైవ్, తాతా" అన్నా. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే సిగ్గయితది. దిగిన. ఒక బండి పొడుగు పోయానో లేదో, వెనక భాగం మెల్లగా ఎడమ వైపు జరిగింది. స్టీరింగ్ నా చేతిలోనే ఉంది, ఇంజిన్ నడుస్తోంది, మీటర్‌లో చక్రాలు జారుతున్న దీపం కొట్టుకుంటోంది. కానీ బండి నా మాట వినడం లేదు. రెండు సెకన్లు, అంతే. ముందు చక్రాలకు ఇంకా నేల అందుతోంది కాబట్టి రివర్స్‌లో బయటపడ్డా. నా డ్రైవింగ్ గొప్పతనం కాదు. ఇంకో రెండు అడుగులు పోయుంటే ఇప్పుడు ఈ ఎపిసోడ్ లేదు.

ఆ రాత్రి తాత ఇంట్లోనే ఉన్నా. అన్నం పెట్టిండ్రు, పప్పుచారు, మామిడికాయ తొక్కు. ఒక్క మాట అనలేదు ఆయన. తెల్లారేసరికి వాగు తగ్గింది. పన్నెండు గంటల ఆలస్యం, అంతకు మించి పోయిందేం లేదు.

పొద్దుటి వీడియో పెట్టి, సాయంత్రం ముచ్చట దాచిన. అది చూసి ఒక తమ్ముడు వాగులో దిగిండు. ఆ వీడియో నిన్న తీసేశా. ఇకపై నా ఛానెల్‌లో వాగు దాటే వీడియో ఉండదు.

పనికొచ్చే నాలుగు మాటలు చెప్పి ముగిస్తా. పారే నీళ్ల కింద రోడ్డు కనిపించకపోతే దిగొద్దు, తెల్ల గీత కనిపించకపోతే రోడ్డు లేదనే లెక్క. నిలకడ నీళ్లే అయినా బండి పొట్టకు తగిలే లోతుంటే ఆగండి. ఇంజిన్‌లోకి నీళ్లు పోయి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. గాలి నలిగినట్టు నీళ్లు నలగవు, లోపలి రాడ్లు వంగుతాయి. మామూలు ఇన్సూరెన్స్‌లో ఆ ఖర్చు చాలాసార్లు రాదు, ఇంజిన్ ప్రొటెక్ట్ విడిగా తీసుకున్నారో లేదో ఈరోజే పాలసీ తీసి చూడండి. అన్నిటికన్నా ముందు, ఆ ఊరి మనిషి వద్దంటే వద్దు. ఆయన ఆ వాగును పుట్టినప్పటి నుంచి చూస్తున్నడు.

బావా, నువ్వు కూడా ఇది చూస్తుంటవ్ గదా, నీ ప్రశ్నకు జవాబు. ఇసొంటి బండి మన దగ్గరుంటే బాగుంటది. నవంబర్ నుంచి మే దాకా జనగామ నుంచి కాళేశ్వరం పోయిరావడానికి ఇంతకంటే మంచి బండి నాకైతే తోచదు. వానాకాలం మాత్రం దానికి కూడా ఒడ్డున ఆగడం నేర్పాలి.

మెసేజ్ పెట్టిన తమ్ముడూ, నీకు విడిగా ఫోన్ చేస్తా. ఈ వీడియో నీ దోస్తులకు పంపించు. అందరూ పైలం. మళ్లీ కలుద్దాం, ఉంటా.